మామిడికొమ్మ మీద బదనిక

ప్రశ్న

డాక్టరు గారూ, నమస్తే. మాది నెల్లూరు. మా అమ్మకి 63 ఏళ్లు. 2018లో ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తెలిసి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ చేయించాం. ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌ని పట్టుకునే ప్రొటీన్) పాజిటివ్, హెర్2 (క్యాన్సర్ కణాల్ని పెంచే ఇంకో ప్రొటీన్) నెగెటివ్ అన్నారు. ఐదేళ్లు లెట్రోజోల్ మాత్ర వేసుకుంది. మధ్యలో 2020లో తల తిరుగుతోందంటే ఎమ్మారై తీశారు. మెదడు కుడివైపు పైపొరలో రెండు సెంటీమీటర్ల మెనింజియోమా అనే గడ్డ కనబడింది. అది క్యాన్సర్ కాదు, పెరిగితే అప్పుడు చూద్దాం అన్నారు. ఏటా స్కాన్ తీయించాం, పెరగలేదు. ఈ మధ్య అమ్మకి ఎడమ చెయ్యి పట్టు తప్పింది, గ్లాసు జారిపోయేది. మళ్లీ తీయిస్తే గడ్డ నాలుగు సెంటీమీటర్లయింది, చుట్టూ వాపు ఉంది. ఆపరేషన్ చేసి తీసేశారు.

మొదటి ల్యాబ్ రిపోర్టులో “మెనింజియోమా, గ్రేడ్ 3” అని రాశారు. సర్జన్ గారికి అనుమానం వచ్చి ఇంకో ల్యాబ్‌కి పంపితే “గ్రేడ్ 1 మెనింజియోమా, దాని లోపల రొమ్ము క్యాన్సర్ మెటాస్టాసిస్” అని, అంటే రొమ్ము క్యాన్సర్ అక్కడికి పాకిందని వచ్చింది. మేనమామ “రెండు క్యాన్సర్లు కలిసిపోయాయి, ఇంక లాభం లేదు” అంటున్నాడు. అత్తయ్య “కత్తి పెట్టించారు, కెలికారు, అందుకే పాకింది” అంటోంది. అసలు ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డలోకి క్యాన్సర్ పాకుతుందా? ఏ రిపోర్టు నమ్మాలి? 2020లోనే తీయించి ఉంటే తప్పేదా? చెల్లి పురిటికి అమెరికా వెళ్లినప్పుడు అమ్మ రెండు నెలలు మాత్ర వేసుకోలేదు, దానివల్లనా? అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు. నాకు 37 ఏళ్లు. నాకూ వస్తుందా?

— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం

అమ్మా, మీరు పంపిన రెండు రిపోర్టులూ రెండేసి సార్లు చదివాను. రెండో రిపోర్టు నమ్మండి. ఎందుకో చెప్తాను. దానికి ముందు నా గురించి ఒక మాట. నేను పాథాలజిస్టుని. రోగి ముఖం కంటే రోగి నుంచి తీసిన ముక్క ముఖమే ఎక్కువ చూసినవాణ్ణి. కాబట్టి గడ్డ సంగతి వివరంగా చెప్పగలను. ఏ మందు ఎంత డోసులో అన్నది మీ ఆంకాలజిస్టు గారి పని. అది నన్ను అడిగినా నేను చెప్పకూడదు.

పాకుతుంది. ఒక గడ్డ నుంచి విడిపోయిన కణాలు రక్తంలో కొట్టుకుపోయి, ఒంట్లో అప్పటికే ఉన్న ఇంకో గడ్డలో దిగి, అక్కడ కాపురం పెట్టడం ఉంది. అరుదు, కానీ కొత్తేమీ కాదు. దవడ క్యాన్సర్ ఒకటి వెళ్లి కిడ్నీలోని ఇంకో క్యాన్సర్‌లో చేరిందని బెరెంట్ అనే ఆయన 1902లోనే రాశాడు. మీ అమ్మగారి లాగా మెనింజియోమాలోకి చేరిన కేసు మొదట రాసింది 1930లో, ఫ్రైడ్ అనే వైద్యుడు. అప్పుడు వచ్చి చేరింది ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇప్పటిదాకా మెనింజియోమాలోకి వేరే క్యాన్సర్ పాకిన కేసులు వందకు పైగా వైద్య పత్రికల్లో ఉన్నాయి. వాటిలో దాదాపు సగం రొమ్ము నుంచి వచ్చినవే, తర్వాతి స్థానం ఊపిరితిత్తులది. అంటే అరుదైన వాటిలో మీ అమ్మగారిది మామూలు కేసు.

దీన్ని మీ మేనమామ గారికి ఎలా చెప్పాలా అని ఆలోచించాను. పాత మామిడితోటల్లో బదనిక చూసే ఉంటారు. పిట్ట దాని పండు తిని, బంక గింజని ఇంకో కొమ్మ మీద వదిలేస్తుంది. అది అక్కడే మొలిచి, కొమ్మలోకి వేరు దించి, మామిడి రసం తాగి పెరుగుతుంది. దూరం నుంచి చూస్తే ఒకటే చెట్టు. దగ్గరికి వెళ్తే ఆకు వేరు, పువ్వు వేరు. మీ అమ్మగారి తలలో జరిగింది ఇదే. మామిడి చెట్టు బదనికగా మారిపోలేదు. మెనింజియోమా ఇంకా మెనింజియోమాయే, గ్రేడ్ 1దే, అది క్యాన్సర్ కాలేదు. రొమ్ము నుంచి వచ్చిన గింజ దాని మీద మొలిచింది.

మేనమామ గారన్నట్టు రెండు గడ్డలు “కలిసిపోవడం” అనేది కూడా ఒకటి ఉంది, అది వేరే సంగతి. పక్కపక్కన వేసిన బీరపాదు, కాకరపాదు ఒకే పందిరెక్కి పెనవేసుకున్నట్టు, రెండు గడ్డలు ఎవరి చోట అవి పుట్టి, పెరుగుతూ పెరుగుతూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. దాన్ని మేం కొలిజన్ ట్యూమర్ అంటాం. ఈ తికమక పోవాలనే 1968లో క్యాంప్‌బెల్, ఆయన సహచరులు కొన్ని షరతులు పెట్టారు. మనిషిలో నిజంగా రెండు వేర్వేరు గడ్డలుండాలి. ఆతిథ్యం ఇచ్చింది నిజమైన గడ్డే కావాలి, ఉత్త వాపు కాకూడదు. వచ్చింది పక్కనుంచి ఒరుసుకుంటూ వచ్చింది కాకూడదు, రక్తనాళంలో దారినపోతూ కనబడిన నాలుగు కణాలూ కాకూడదు, లోపల స్థిరపడి పెరుగుతూ ఉండాలి. లింఫోమా, లుకేమియా అనే రక్తక్యాన్సర్లు ఉన్న లింఫు గ్రంథుల్లోకి వేరే క్యాన్సర్ వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఎందుకంటే క్యాన్సర్లు ఎలాగూ ముందు వెళ్లేది ఆ గ్రంథుల్లోకే. మీ రెండో రిపోర్టులో “మెనింజియోమా మధ్యలో ద్వీపాల్లా” అని రాశారు చూడండి, ఆ మాట ఈ షరతుల కోసమే రాసింది.

ఇప్పుడు రిపోర్టుల గొడవ. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను.

మెనింజియోమాని మైక్రోస్కోపు కింద చూస్తే ముచ్చటగా ఉంటుంది. వేలిముద్రలో సుడుల్లాగా కణాలు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. అక్కడక్కడ సున్నం పేరుకుని ఇసుక రేణువుల్లా కనబడతాయి. గ్రేడ్ 1 అయితే కణాలు నెమ్మదిగా, క్రమశిక్షణగా ఉంటాయి. గ్రేడ్ 3లో ఆ క్రమం పోతుంది. కణాలు పెద్దవై, వికారంగా, ఎటు చూసినా విభజన జరుగుతూ కనబడతాయి. గ్రేడ్ 1 మెనింజియోమా మధ్యలో రొమ్ము క్యాన్సర్ ముద్దలు కూర్చుంటే ఎలా ఉంటుంది? ఒక పక్క సుడులు కనబడతాయి కాబట్టి మెనింజియోమాయే అనిపిస్తుంది. ఇంకో పక్క వికారమైన కణాలు కనబడతాయి కాబట్టి గ్రేడ్ 3 అనిపిస్తుంది. మామూలు పింకు-ఊదా రంగు స్లైడు మీద, సాయంత్రం ఆరుకి, ఆ రోజు ఎనభయ్యో కేసుగా చూసేవాడికి ఇలా అనిపించడం పెద్ద వింత కాదు.

నా సర్వీసులో ఇలాంటివి రెండే రెండు చూశాను. మొదటిదానికి నేను గ్రేడ్ 3 అని డ్రాఫ్టు రాసేశాను. పక్కన కూర్చున్న పీజీ అమ్మాయి “సార్, ఈవిడకి పాత క్యాన్సర్ ఏదైనా ఉందా?” అని అడిగింది. ముక్కతో పాటు వచ్చిన ఫారం తీసి చూశాను. వయసు, స్త్రీ, “బ్రెయిన్ ట్యూమర్”, అంతే. పాత జబ్బులు రాయాల్సిన గడి ఖాళీ. వార్డుకి ఫోన్ చేస్తే మూడేళ్ల క్రితం ఊపిరితిత్తుల ఆపరేషన్ అయిందని తెలిసింది. ఆ అమ్మాయి అడగకపోతే ఆ పేషెంటుకి తప్పు జబ్బుకి ట్రీట్‌మెంట్ నడిచేది. మీ మొదటి ల్యాబ్ రిపోర్టులో “క్లినికల్ హిస్టరీ” దగ్గర ఏముందో చూడండి. “కుడి ఫ్రాంటల్ మెనింజియోమా” అని మాత్రమే ఉంది. 2018 నాటి రొమ్ము సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. రెండో ల్యాబ్‌కి సర్జన్ గారు స్వయంగా చీటీ రాసి పంపారు. తేడా అక్కడ వచ్చింది. మొదటి ల్యాబ్ వాళ్లు చేతకానివాళ్లని అనుకోకండి.

రెండో ల్యాబ్ వాళ్లు చేసింది ఐ.హెచ్.సి. అనే పరీక్ష. కొన్ని ప్రొటీన్లని వెతికి పట్టుకునే మందులు స్లైడు మీద వేస్తే, ఆ ప్రొటీన్ ఉన్న కణాలు గోధుమరంగులోకి తిరుగుతాయి, లేనివి నీలంగానే ఉంటాయి. మీ అమ్మగారి ముక్కలో సుడుల భాగం ఎస్ఎస్‌టీఆర్2కి గోధుమరంగైంది. అది మెనింజియోమా గుర్తు. మధ్యలోని ద్వీపాలు సైటోకెరాటిన్‌కి, గాటా3కి, ఈఆర్‌కి గోధుమరంగయ్యాయి. ఆ మూడూ కలిసి, పాత చరిత్రతో జతపడితే, అది రొమ్ము నుంచి వచ్చిందని చెప్పడానికి చాలు. ఒకే స్లైడు మీద రెండు ఊళ్ల మనుషులు రెండు యాసల్లో మాట్లాడుతుంటే విన్నట్టు ఉంటుంది. అందుకే ఇది నమ్మమన్నాను.

అయితే ఆ రిపోర్టులో నాకు ఒక చిక్కు కనబడింది. మీరు వెళ్లి అడగాల్సింది కూడా అదే. చివరి లైనులో “పీఆర్ పాజిటివ్, 70 శాతం” అని ఉంది. పీఆర్ అంటే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ని పట్టుకునే ప్రొటీన్. అది ఎక్కడ పాజిటివ్? రొమ్ము కణాల్లోనా, మెనింజియోమా కణాల్లోనా? మెనింజియోమాలు చాలావరకు సహజంగానే పీఆర్ పాజిటివ్. ఆడవాళ్లలో మగవాళ్లకి రెట్టింపు రావడానికి హార్మోన్లకీ వీటికీ ఉన్న ఈ సంబంధమే ఒక కారణమంటారు. ఆ 70 శాతం ఆతిథ్యం ఇచ్చిన గడ్డదైతే, రొమ్ము క్యాన్సర్ గురించి అది మనకి ఏమీ చెప్పదు. ఇంకోటి, హెర్2 సంగతి అసలు రాయనేలేదు. 2018లో నెగెటివ్ కదా అని వదిలేసి ఉంటారు. వదలకూడదు. పాకిన చోట క్యాన్సర్ తన గుణం మార్చుకోవడం మామూలే. ఈఆర్ సుమారు ఐదుగురిలో ఒకరికి మారుతుంది, పీఆర్ ఇంకా ఎక్కువమందిలో, హెర్2 తక్కువమందిలో. కానీ హెర్2 మారిందంటే మందులన్నీ మారతాయి. అందుకని ల్యాబ్‌కి వెళ్లి “మెటాస్టాసిస్ భాగంలో మాత్రమే ఈఆర్, పీఆర్, హెర్2 ఎంతో విడిగా రాసివ్వండి” అని అడగండి. కొత్తగా ముక్క తీయక్కర్లేదు. మీ ముక్కని దాచి ఉంచిన బ్లాకు మీదే చేస్తారు.

ఇంత పెద్ద ఒంట్లో ఆ క్యాన్సర్ కణానికి ఆ గడ్డే ఎందుకు దొరికిందని మీరు అడగలేదు. కానీ అడగాల్సిన ప్రశ్న అది. 1889లో లండన్‌లో స్టీఫెన్ పాజెట్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు పరిశీలించాడు. క్యాన్సర్ అన్ని చోట్లకీ సమానంగా పాకట్లేదని గమనించాడు. కాలేయానికి వెళ్తోంది, అంతే రక్తం అందే ప్లీహానికి పెద్దగా వెళ్లడం లేదు. గింజ ఎక్కడ పడిందన్నదొకటే చాలదు, నేల కూడా కలిసి రావాలి అన్నాడు. చౌడులో చల్లినది చౌడులోనే చస్తుంది. మన రైతుకి ఆ మాట చెప్పడానికి పాజెట్ అక్కర్లేదనుకోండి. రక్తంలోకి దిగిన క్యాన్సర్ కణాల్లో అత్యధిక భాగం ఎక్కడా మొలవకుండానే చచ్చిపోతాయి.

మెనింజియోమా మంచి నేల. దానికి రక్తం పుష్కలంగా అందుతుంది. అది పుట్టింది మెదడులో కాదు, మెదడు మీద కప్పిన పొరల్లో. మెదడులోకి అడ్డమైనవీ రాకుండా రక్తనాళాలకి ఒక కాపలా గోడ ఉంటుంది. ఈ పొరల్లోని గడ్డకి ఆ గోడ లేదు. పైగా అది నెమ్మదిగా, ఏళ్లతరబడి ఉండే గడ్డ. ఎన్నేళ్లుంటే అన్ని పిట్టలు వాలతాయి. రొమ్ము కణానికి అలవాటైన హార్మోన్ల వాతావరణం కూడా అక్కడ కొంత దొరుకుతుంది. కిడ్నీ క్యాన్సర్ కూడా ఇలాగే తరచుగా ఆతిథ్యమిస్తుంది. గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా కిడ్నీలకే వెళ్తుంది, ఆ గడ్డ కణాల్లో కొవ్వు, చక్కెర నిల్వలు కూడా దండిగా ఉంటాయి. థైరాయిడ్ గడ్డల్లోకీ ఇలా వచ్చి చేరడం ఉంది. ఇచ్చేవి తొందరగా పాకే గడ్డలు, పుచ్చుకునేవి నింపాదిగా పెరిగే గడ్డలు. చాలావరకు కథ ఇంతే.

ఇక మీ ఇంట్లో ఒకరినొకరు నిందించుకుంటున్న విషయాలకి వస్తాను.

కత్తి పెట్టడం వల్ల పాకలేదు. ఆపరేషన్‌కి ముందే చెయ్యి పట్టు తప్పింది, ముందే గడ్డ రెట్టింపైంది, ముందే వాపు వచ్చింది. క్యాన్సర్ అప్పటికే లోపల ఉంది, కత్తి వెళ్లి దాన్ని బయటికి తెచ్చింది. అత్తయ్య గారికి తేదీలు వరసగా చెప్పి చూడండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. ఈ “కెలికితే పాకుతుంది” అన్న మాట వల్ల ముక్క పరీక్షకి ఒప్పుకోక, గడ్డ ముదరబెట్టుకుని వచ్చిన వాళ్లని నేను లెక్కలేనంతమందిని చూశాను. ఆ మాట మీ ఇంట్లో పిల్లల చెవిన పడకుండా చూడండి, అంతవరకు చాలు.

2020లో తీయించకపోవడం తప్పు కాదు. లక్షణాలు లేని రెండు సెంటీమీటర్ల మెనింజియోమాని స్కాన్లతో గమనిస్తూ ఉండటమే అంతటా చేసే పని. అందులో ఐదింట నాలుగు గ్రేడ్ 1వే, చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టవు. ఎప్పుడో ఏ గింజో వచ్చి పడుతుందేమోనని తోటలో చెట్లన్నీ కొట్టేయం. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఆ గడ్డ లేకపోయినా ఆ క్యాన్సర్ కణాలు రక్తంలో ఉండేవి, దిగే చోటు వెతుక్కునేవి. అది ఎముక కావచ్చు, కాలేయం కావచ్చు. తలలో దిగి చెయ్యి పట్టు తప్పించింది కాబట్టి తొందరగా దొరికింది. ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు. నేను ఆ స్థానంలో ఉన్నా 2020లో తీయించేవాణ్ణి కాదు.

రెండు నెలలు మాత్ర ఆగిన సంగతి. ఈఆర్ పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌కి ఉన్న పాడు గుణం ఏమిటంటే, ఐదేళ్లు మాత్ర సక్రమంగా వేసుకున్నవాళ్లలో కూడా పదేళ్లకి, పదిహేనేళ్లకి, ఇరవై ఏళ్లకి కూడా తిరిగి రావచ్చు. నిద్రపోయి లేస్తుంది. ఐదేళ్లలో రెండు నెలల ఖాళీ దాన్ని లేపిందని చెప్పడానికి ఆధారం లేదు. మీ చెల్లెలు “నా పురిటి వల్లే” అని కుమిలిపోతూ ఉంటే ఆవిడకి ఈ పేరా చదివి వినిపించండి.

ట్రీట్‌మెంట్ ఏ గడ్డకి? గింజకి. ఇది గుర్తుంచుకుంటే డాక్టర్లు చెప్పేవి చాలావరకు అర్థమవుతాయి. మెనింజియోమా గ్రేడ్ 1, పూర్తిగా తీసేశారు, దాని కథ దాదాపు అయిపోయింది. ఇప్పుడు చూడాల్సింది పాకిన రొమ్ము క్యాన్సర్‌ని. ముందు ఒంట్లో ఇంకెక్కడైనా ఉందా అని పెట్ సీటీ తీస్తారు. పెట్ సీటీలో తల సరిగ్గా కనబడదు. మెదడు ఎప్పుడూ చక్కెర తాగుతూనే ఉంటుంది కాబట్టి అక్కడంతా వెలుగే. అందుకే తలకి ఎమ్మారై విడిగా తీయిస్తారు. “రెండూ ఎందుకు, డబ్బులకా?” అని అనుమానపడకండి. గడ్డ తీసిన ఖాళీలో మిగిలిన కణాల కోసం రేడియేషన్, మన వైపు కరెంటు పెట్టడం అంటారే అది, ఇస్తారు. ఒకటే చోట ఉంటే తలంతా కాకుండా ఆ చోటికే గురిచూసి ఇచ్చే పద్ధతి ఇప్పుడు ఎక్కువ. మీ ఊళ్లో ఆ మెషీను లేకపోతే దాని కోసం చెన్నై వెళ్లడం దండగేమీ కాదు.

తర్వాత మందులు. ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అనే తేలితే హార్మోన్ మందుతో పాటు పాల్బోసైక్లిబ్, రైబోసైక్లిబ్ లాంటి మాత్రల్లో ఒకటి ఇవ్వడం ఇప్పుడు మామూలు. పాల్బోసైక్లిబ్ పేటెంట్ 2023లో ముగిసి మన దేశంలో జనరిక్ మాత్రలు వచ్చాయి, ధర బాగా దిగింది. హెర్2 పాజిటివ్ అని తేలితే దారి పూర్తిగా వేరు, మెదడు దాకా పనిచేసే మందులు దానికి ఉన్నాయి. అందుకే పైన హెర్2 గురించి అంత పట్టుబట్టాను. ఖర్చు గురించి రాయలేదు గానీ అడగకపోయినా చెప్తున్నాను. మీ ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉందో లేదో అక్కడి వైద్యమిత్రని అడగండి. రేడియేషన్‌కి, మందులకి విడివిడిగా అడగండి.

“ఇంక లాభం లేదు” అన్న మాట దగ్గరికి వస్తే, స్టేజ్ 4 అన్నది నిజం. దాన్ని మెత్తగా చెప్పి లాభం లేదు. పూర్తిగా తుడిచిపెట్టడం కంటే అదుపులో పెట్టడం గురించి డాక్టర్లు మాట్లాడతారు. కానీ తలలో ఒకే చోట ఉండి, అది తీసేసి, మిగతా ఒళ్లు శుభ్రంగా ఉంటే ఒక లెక్క. కాలేయం నిండా ఉంటే ఇంకో లెక్క. పెట్ సీటీ, హెర్2 రెండూ చేతికి రాకముందు ఎవరైనా నెలల్లో, ఏళ్లలో అంకె చెప్తే అది గాలిలో అంకె. మేనమామ గారిది కూడా.

అమ్మగారికి చెప్పలేదన్నారు. “గడ్డ తీసేశారు, అయిపోయింది” అని ఎన్నాళ్లు చెప్తారు? రేపు తలకి మాస్కు కొలత తీసి రేడియేషన్ గదిలోకి పంపిస్తారు, ఎల్లుండి కొత్త మాత్రలు చేతిలో పెడతారు. 2018 నుంచి ఆసుపత్రి కారిడార్లలో కూర్చున్న మనిషి ఆవిడ. ఏ వార్డు ఏ వార్డో మీకంటే ఆవిడకే బాగా తెలుసు. చాలా ఇళ్లలో నేను చూసింది ఏమిటంటే, పేషెంటుకి ముందే తెలిసిపోతుంది, పిల్లలు బాధపడతారని తెలియనట్టు నటిస్తుంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు నటిస్తూ అలిసిపోతారు. అంతా ఒకేసారి గుమ్మరించమని కాదు. “అమ్మా, తలలో తీసిన గడ్డలో పాత రొమ్ము జబ్బు కొంచెం కనబడిందట, దానికి మళ్లీ మందులు వాడాలట” అనండి. అక్కడ ఆగి, ఆవిడ ఏమడుగుతుందో చూడండి. అడిగినంతవరకే చెప్పండి. మెటాస్టాసిస్, స్టేజ్ లాంటి మాటలు ఆవిడ అడిగితే డాక్టరు గారి ఎదుట చెప్పించండి. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడుతూ ఉంటారు, దాంతో చిరాకు, నిద్రలేమి, షుగర్ పెరగడం ఉంటాయి. ఆ రోజుల్లో ఆవిడ విసుక్కుంటే అది జబ్బు ముదరడం అనుకోవద్దు. ఆ మాత్ర మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయవద్దు కూడా.

మీకూ వస్తుందా అన్నది చివరగా. గడ్డ నుంచి గడ్డకి పాకడం అనేది వంశంలో వచ్చేది కాదు. వాన్ హిప్పెల్-లిండావ్ అనే ఒక వంశపారంపర్య జబ్బులో మాత్రం కిడ్నీ క్యాన్సర్ వెళ్లి మెదడులోని వేరే గడ్డలో చేరడం చూస్తాం, దానికీ మీ ఇంటికీ సంబంధం లేదు. మీకు కావాల్సింది రొమ్ము క్యాన్సర్ సంగతి. అమ్మగారికి మొదట వచ్చింది యాభై దాటాక. అమ్మమ్మకో, పిన్నులకో, పెద్దమ్మలకో రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయం క్యాన్సర్ గానీ ఉందేమో కనుక్కోండి. బీఆర్‌సీఏ (రొమ్ము, అండాశయ క్యాన్సర్లని వంశంలో దింపే జన్యుమార్పు) రక్తపరీక్ష ముందు మీకు కాదు, అమ్మగారికి చేయించమని ఆంకాలజిస్టుని అడగండి. హెర్2 నెగెటివ్ అయి పాకిన క్యాన్సర్‌లో ఆ పరీక్ష ఆవిడ మందుల ఎంపికకీ పనికొస్తుంది. ఆవిడలో మార్పు కనబడితే అప్పుడు మీరూ, మీ చెల్లెలూ చేయించుకోవచ్చు. కనబడకపోతే మీరు నలభై నుంచి ఏటా మామోగ్రామ్ మొదలుపెట్టండి. మీకు మూడేళ్ల టైముంది, ఇప్పటినుంచే టెన్షన్ పడి స్కాన్ల చుట్టూ తిరగకండి.

ఇంకా అనుమానం తీరకపోతే మూడో అభిప్రాయం తీసుకోవచ్చు. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గానీ, ముంబై టాటా మెమోరియల్ గానీ, ఎక్కడికి వెళ్లినా స్లైడ్లు, బ్లాకులు అడుగుతారు. ల్యాబ్‌లో ఒక దరఖాస్తు రాసి సంతకం పెడితే ఇస్తారు. ఎన్ని ఇచ్చారో, వాటి మీద నంబర్లేమిటో మీరూ రాసుకోండి. వాటితో పాటు 2018 నాటి రొమ్ము రిపోర్టు జిరాక్సు, 2020 నుంచి తీసిన ఎమ్మారై సీడీలు కవర్లో పెట్టండి. వీలైతే 2018 బ్లాకు కూడా తెప్పించండి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ పాథాలజిస్టుకైనా పని సులువవుతుంది. కవరు పైన పెద్ద అక్షరాలతో “పాత రొమ్ము క్యాన్సర్ ఉంది” అని రాయండి. బ్లాకులంటే మైనంలో పోసిన ముక్కలు. యాభై ఆరు, యాభై ఏడు డిగ్రీలకి ఆ మైనం కరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు మీద మాత్రం వదలొద్దు, చేతిసంచిలో మీతోనే పెట్టుకోండి.